సంఘం తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి?

(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న సంఘం పెద్దలకు, రాయి సెంటర్ సార్‌మేడీలకు, గూడేల నుంచి వచ్చిన పటేళ్లకు, ముందు వరసల్లో ఫోన్లు పట్టుకొని కూర్చున్న మా పిల్లలందరికీ రాం రాం.

పిల్లలు అంటే కొందరికి కోపం రావచ్చు. మీలో చాలామంది డిగ్రీలు పూర్తి చేశారు, కొందరు హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు, ఇద్దరు ముగ్గురు సొంత పిల్లల్ని ఎత్తుకొని వచ్చారు. అయినా మా హాస్టల్లో పళ్లెం కడిగి బోర్లించిన వాళ్లంతా మాకు పిల్లలే. అది మారదు.

సంఘం మాకు ఇచ్చిన అంశం, స్వచ్ఛంద సంఘాలకు టెక్నాలజీ సాయం ఎలా చేయాలి అని. దీని మీద మాట్లాడడానికి మాకంటే తగినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. మేము బి.ఎడ్. చదివే రోజుల్లో కంప్యూటర్ అంటే వారానికి ఒక పీరియడ్. ఆ గది తాళంచెవి దొరికేసరికి పీరియడ్ అయిపోయేది. మరి ఎందుకు ఒప్పుకున్నామంటే, సంఘం కమిటీలో కూర్చొని ఈ విషయంలో చేసిన తప్పులన్నీ మాకు తెలుసు. మీకు టెక్నాలజీ తెలుసు, మాకు తప్పులు తెలుసు. రెండూ కలిస్తే పని అవుతుంది.

ముందు ఒక నష్టం గురించి చెప్తాం. కమిటీలో పెద్దవాళ్లకు ఇది తెలుసు, కానీ బయట ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ చెప్పడానికి అధ్యక్షుల వారి అనుమతి తీసుకున్నాం.

2011 నుంచి 2013 వరకు మన సంఘం ఒక ప్రధాన్ పెద్దాయన పాటలు రికార్డు చేసింది. కిక్రి వాయిస్తూ ఆయన మన వంశాల కథలు పాడేవాడు. ఏ వంశం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ వాగు దాటింది, పెర్సాపేన్ ఎక్కడ నిలిచాడు, అన్నీ ఆయన గొంతులో ఉండేవి. పంట ఇంటికి వచ్చిన తర్వాత, ఆయనకు ఓపిక ఉన్న రాత్రుల్లో కూర్చొని మొత్తం 27 గంటలు రికార్డు చేశారు. ఆ కుర్రాళ్లు చేసిన పనికి ఎంత మెచ్చుకున్నా తక్కువే. చలిలో దుప్పట్లు కప్పుకొని, కుక్కలు మొరిగితే ఆపి, మళ్లీ మొదలుపెట్టి చేశారు.

ఆ 27 గంటలూ ఒక్క హార్డ్‌డిస్క్‌లో పెట్టి, దాన్ని గుడ్డలో చుట్టి సంఘం ఆఫీసు బీరువాలో భద్రం చేశాం. బీరువాకు తాళం వేశాం. తాళంచెవి కోశాధికారి దగ్గర ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాం.

పెద్దాయన పోయారు. ఆ తర్వాత 2019లో దండారి రోజుల్లో ఆ పాటలు పిల్లలకు వినిపిద్దామని డిస్క్ బయటికి తీశాం. పెడితే టక్ టక్ మని చప్పుడు తప్ప ఏమీ లేదు. నగరంలో ఒక దుకాణానికి పంపితే 40,000 అడిగారు, వస్తుందన్న హామీ లేదన్నారు. చందాలు వేసుకొని ఇచ్చాం. రాలేదు. ఇప్పుడు ఆయన గొంతు మన దగ్గర 11 నిమిషాలు ఉంది. అది కూడా ఎవరో ఒకప్పుడు వాట్సాప్‌లో పంపుకున్న ముక్క. కిక్రి వినపడుతుంది, మాట సగం అర్థం కాదు.

తర్వాత లెక్క వేసి చూసుకున్నాం. మంచి నాణ్యతతో రికార్డు చేసిన పాట గంటకు దాదాపు 600 ఎంబీ ఉంటుంది. 27 గంటలంటే 16 జీబీ. మీ జేబులో ఉండే చిన్న పెన్‌డ్రైవ్ 32 జీబీ. ఒక్క పెన్‌డ్రైవ్ కొని, ఇంకో కాపీ తీసి, ఇంకో ఊళ్లో పెట్టి ఉంటే ఆ గొంతు ఇవాళ ఉండేది. కొన్ని వందల రూపాయలు, ఒక సాయంత్రం. మనం చేయలేదు.

దీన్ని ఇంకోదానితో పోల్చి చూడండి. 1940లలో హైమండార్ఫ్ దొర మన గూడేల్లో ఉండి, మార్లవాయిలో 1943లో టీచర్ల శిక్షణ కేంద్రం మొదలుపెట్టించిన సంగతి మీకు తెలుసు. ఆయన తీసిన ఫొటోలు, సినిమా రీళ్లు, రాసుకున్న నోట్సు ఇవాళ లండన్‌లో సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. నంబర్లు వేసి, పెట్టెల్లో పెట్టి, జాబితా రాసి ఉంచారు. ఎనభై ఏళ్ల కిందటి మన తాతల ముఖాలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. మన కళ్ల ముందు పాడిన మనిషి గొంతు మన బీరువాలోనే పోయింది. దొర గొప్పవాడని, మనం తక్కువ అని చెప్పడానికి కాదు ఇది. అక్కడ ఒక జాబితా ఉంది, ఇక్కడ లేదు. తేడా అంతే.

రెండో సంగతి తొందరగా చెప్పేస్తాం, ఎందుకంటే సిగ్గుగా ఉంటుంది. మన సంఘానికి ఒకప్పుడు వెబ్‌సైట్ ఉండేది. కమిటీలో చురుకైన ఒక తమ్ముడు తన సొంత జీమెయిల్ మీద, తన సొంత ఫోన్ నంబర్ మీద, తన జేబు డబ్బుతో చేశాడు. మంచి మనసుతో చేశాడు. తర్వాత ఉద్యోగం వచ్చి వెళ్లాడు, నంబర్ మార్చాడు, పాత మెయిల్ చూడడం మానేశాడు. డొమైన్ పేరు గడువు అయిపోతోందని మెయిళ్లు వచ్చాయట, ఎవరూ చూడలేదు. గడువు దాటితే సాధారణంగా కొన్ని రోజులు ఆగుతారు, ఆ తర్వాత ఇంకో 30 రోజులు ఎక్కువ రుసుము కట్టి విడిపించుకునే అవకాశం ఉంటుంది, అదీ దాటితే ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఎవరో కొన్నారు. ఒక రోజు హాస్టల్లో పదో తరగతి పిల్ల వచ్చి, "మేడం, మన సంఘం సైట్లో జూదం ప్రకటనలు వస్తున్నాయి" అంది. మన పేరు, మన నెమలి పింఛం బొమ్మ ఉన్న పాత కరపత్రాల మీద ఆ అడ్రస్ అచ్చు వేయించి ఊరూరా పంచి ఉన్నాం. ఆ కరపత్రాలు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో గోడకు అతికించి ఉన్నాయి.

ఆ తమ్ముడి తప్పు ఏమైనా ఉందా? చాలామంది ఆయన్ని తిట్టారు. మేము తిట్టలేదు. ఎందుకంటే ఆయన వెళ్లేటప్పుడు "చార్జి అప్పగించి వెళ్లు" అని మనలో ఒక్కరూ అడగలేదు.

చార్జి అంటే ఏమిటో హాస్టల్ పిల్లలకు తెలుసు. వార్డెన్‌కు బదిలీ అయితే పెట్టె సర్దుకొని వెళ్లిపోవడానికి లేదు. బియ్యం ఎన్ని బస్తాలు, పప్పు ఎంత, సిలిండర్లు నిండువి ఎన్ని, ఖాళీవి ఎన్ని, దుప్పట్లు, ట్రంకు పెట్టెలు, చెడిపోయిన ఫ్యాన్లు, గదుల తాళంచెవులు, అన్నీ రిజిస్టర్‌లో రాసి, కొత్త వార్డెన్ ఎదురుగా లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం పెడితేనే రిలీవ్. ఒక గరిటె తక్కువైనా మా జీతంలో పట్టుకుంటారు. గరిటెకు రిజిస్టర్ ఉంది. సంఘం పాటలకు, సంఘం పేరుకు, సంఘం యూట్యూబ్ ఛానెల్‌కు రిజిస్టర్ లేదు.

ఈ మాట మాకు తట్టేలా చేసింది మా హాస్టల్ పిల్లే. ఇంటర్ దాకా మా దగ్గర చదివింది, ఇప్పుడు నగరంలో ఒక కంపెనీలో కంప్యూటర్ సపోర్టు పని చేస్తోంది. సెలవుకు వచ్చినప్పుడు సంఘం గొడవ చెప్పాం. అప్పటికే ఒక సంస్థ వాళ్లు వచ్చి, సంఘానికి మొబైల్ యాప్ చేసి ఇస్తాం, 2,80,000 అవుతుంది, దాతల్ని వెతుక్కోండి అని చెప్పి ఉన్నారు. రంగుల బొమ్మలతో కాగితం ఇచ్చారు. కమిటీలో సగం మంది అప్పటికే యాప్ అంటే ఒప్పుకున్నారు, మేమూ ఒప్పుకున్నాం. అబద్ధం ఎందుకు.

ఆ పిల్ల ఆదివారం వచ్చింది. బ్యాగులో ల్యాప్‌టాప్ ఉంది కానీ బయటికి తీయలేదు. టీ తాగింది, ఒక నోట్‌బుక్ అడిగింది. "మేడం, సంఘం ఏయే పనులు చేస్తుందో చెప్పండి. టెక్నాలజీ సంగతి తర్వాత" అంది. చెప్పాం. దండారి పోటీలు, సభ్యత్వం వసూలు, చదువుకునే పిల్లలకు ఫీజు సాయం, సంవత్సరానికి ఒక సంచిక. "వీటిలో ఏ పని దగ్గర ఎక్కువ విసుగు వస్తుంది?" అంది. కోశాధికారి గారు వెంటనే, "రసీదులు. ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో ఐదు పుస్తకాలు తిరగేయాలి. కట్టినవాళ్లను మళ్లీ అడిగితే కొట్లాటకు వస్తున్నారు" అన్నారు. "మొత్తం ఎన్ని కుటుంబాలు?" అంది. 340. "వాళ్లలో యాప్ పెట్టుకొని చూసేవాళ్లు ఎంతమంది?" ఎవరూ జవాబు చెప్పలేదు.

మూడు సాయంత్రాలు కూర్చొని 340 కుటుంబాలను ఒక్క షీట్‌లోకి ఎక్కించింది. తను ఒక్కతే కాదు, తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు చదువుతుంటే కోశాధికారి గారి చేత టైపు చేయించింది. ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటుంటే మాకే చేతులు దురద పెట్టాయి, లాక్కొని కొట్టేద్దామని. ఆ పిల్ల మాత్రం చేతులు వెనక కట్టుకొని నిలబడింది. మేము టీచర్ ట్రైనింగ్‌లో చదువుకున్నాం, చేసి నేర్చుకున్నదే నిలుస్తుందని. చదువుకున్నాం, పరీక్ష రాశాం, మర్చిపోయాం. ఆ పిల్ల చదవకుండానే చేసింది. ఇప్పుడు కోశాధికారి గారు ఆ షీట్ ఎవర్నీ ముట్టుకోనివ్వరు, అది వేరే సమస్య.

2,80,000 యాప్ కాగితం ఇప్పుడు ఆఫీసు కిటికీకి అతికించి ఉంది, ఎండ రాకుండా.

ఇలాంటి పని ప్రపంచంలో కొత్తేమీ కాదు. 1987లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో డేనియల్ బెన్-హోరిన్ అనే ఆయన కంప్యూమెంటర్ అని ఒక సంస్థ మొదలుపెట్టారు. కంప్యూటర్ తెలిసిన మనిషిని కంప్యూటర్‌తో తంటాలు పడుతున్న చిన్న సేవా సంస్థ దగ్గరికి పంపడం, అంతే వాళ్ల పని. అదే తర్వాత టెక్‌సూప్ అయింది, ఇవాళ చాలా దేశాల్లో సేవా సంస్థలకు సాఫ్ట్‌వేర్ ఉచితంగానో తక్కువ ధరకో అందేలా చూస్తోంది. 1990లలో అక్కడే ఇంకో పద్ధతి వచ్చింది. ఒక్కో సంస్థకు ఒక్కో కంప్యూటర్ మనిషిని పెట్టుకునే స్తోమత ఉండదు కదా, అందుకని ఒకే మనిషి పది సంస్థల చుట్టూ తిరుగుతూ, వెళ్లిన చోట చిక్కు విప్పి, నేర్పి, ఇంకోచోటికి వెళ్లేవాడు. వాళ్లను సర్క్యూట్ రైడర్లు అనేవారు. పూర్వం అక్కడ గుర్రం మీద ఊరూరా తిరిగే చర్చి బోధకుల పేరు అది. మనకు అర్థం కావాలంటే అంత దూరం పోనక్కర్లేదు. ప్రధాన్ కిక్రి భుజాన వేసుకొని తన గోండు యజమానుల ఇళ్లు తిరిగేవాడు. ఒక్కో వంశం కథ గుర్తు పెట్టుకొని, వాళ్లకే మళ్లీ వినిపించి, ధాన్యం తీసుకొని వెళ్లేవాడు. మనకు మన చరిత్ర గుర్తుండే ఏర్పాటు అదే.

మరి మన సంఘానికి, చుట్టుపక్కల ఉన్న చిన్న చిన్న యువజన సంఘాలకు, మహిళా సంఘాలకు ఇప్పుడు అలా తిరిగే మనుషులు కావాలి. మీలో పది మంది చాలు. నెలలో ఒక ఆదివారం చాలు.

వెళ్లి ఏం చూడాలి? అందరూ ముందు అడిగేది ఫేస్‌బుక్ పేజీ బాగు చేయమని. అది తర్వాత. ముందు చూడాల్సింది తాళాలు. సంఘం జీమెయిల్ ఏది, ఎవరి ఫోన్ నంబర్ మీద ఉంది, పాస్‌వర్డ్ పోతే ఓటీపీ ఎవరికి వెళ్తుంది. చాలా సంఘాల్లో ఆ నంబర్ పాత కార్యదర్శిది అయి ఉంటుంది. సిమ్ మూడు నెలలు వాడకపోతే కంపెనీ ఆ నంబర్ తీసేసి ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ సంఘం ఓటీపీ ముక్కూ ముఖం తెలియని మనిషి ఫోన్‌కు వెళ్తుంది. ఇంకోటి, రెండేళ్ల పాటు ఎవరూ తెరవని సొంత ఖాతాలను గూగుల్ తీసేయవచ్చు. 2023 డిసెంబర్ నుంచి ఆ నియమం అమల్లో ఉంది. ఎన్నికల గొడవలతో రెండేళ్లు పడుకున్న సంఘాలు మన దగ్గర తక్కువా? లేచి చూసేసరికి మెయిల్ ఉండదు, దాని వెంబడి డ్రైవ్‌లో దాచిన ఫొటోలూ ఉండవు.

కాబట్టి సంఘం పేరు మీద ఒక సిమ్, ఒక మెయిల్. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి కవరులో పెట్టి, అతికించి, అధ్యక్షుల దగ్గర ఒకటి, కార్యదర్శి దగ్గర ఒకటి. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదని మీ కాలేజీలో చెప్పి ఉంటారు. సొంతానికి రాయకండి. సంఘానికి మాత్రం రాయాలి, ఎందుకంటే మనుషులు మారతారు, మర్చిపోతారు, ఒక్కోసారి పోతారు కూడా. ఫేస్‌బుక్ పేజీకైనా, యూట్యూబ్‌కైనా ఒక్కరినే నిర్వాహకుడిగా పెట్టకండి, ఇద్దరు ముగ్గురిని పెట్టండి. డొమైన్ పేరు కొంటే సంఘం మెయిల్ మీద కొనండి, రసీదు సంఘం ఫైలులో పెట్టండి, గడువు తేదీ గోడ మీది క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో రాయండి. ఫోన్ గుర్తు చేస్తుందిలే అనకండి, ఆ ఫోన్ ఎవరిదో మనకు తెలియదు.

ఇక కాపీల లెక్క. ఫొటోగ్రాఫర్లు పాటించే పద్ధతి ఒకటి ఉంది. ముఖ్యమైన దేనికైనా మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లో. మేము ఇప్పుడు పాటిస్తున్నది ఇదే. సంఘం డిస్క్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి, ఉట్నూరులో ఒక సభ్యుడి ఇంట్లో ఇంకో డిస్క్. ఏడాదికి ఒకసారి, దండారి ముందు, అన్నీ తెరిచి రెండు నిమిషాలు వింటాం. తెరవని కాపీ ఉన్నట్టు కాదు. ఆ ముక్క మాకు 40,000 పెట్టి నేర్పారు.

వాట్సాప్‌లో పంపి అదే కాపీ అనుకోకండి. వాట్సాప్ ఫొటోను, వీడియోను కుదించి పంపుతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

డబ్బు సంగతి. రిజిస్టర్ అయిన సేవా సంస్థలకు గూగుల్, మైక్రోసాఫ్ట్, కాన్వా లాంటివి కొన్ని సేవలు ఉచితంగానో తగ్గింపుతోనో ఇస్తాయి. సొంత డొమైన్ మీద మెయిల్, ఫైళ్లు దాచుకునే చోటు, కరపత్రాలు చేసుకునే సాధనం, ఇలాంటివి. దానికి వాళ్లు అడిగేది సంఘం రిజిస్ట్రేషన్ పత్రం, బైలాస్, పాన్ కార్డు, ఒక్కోసారి 12ఏ పత్రం. నీతి ఆయోగ్ వాళ్ల ఎన్‌జీఓ దర్పణ్‌లో నమోదు కూడా చేయించి పెట్టుకుంటే ప్రభుత్వ సాయం అడిగేటప్పుడు పనికొస్తుంది. మన దగ్గర చిక్కు ఎక్కడ వస్తుందంటే, పత్రం మీద సంఘం పేరు ఒకలా, పాన్ మీద ఒకలా, బ్యాంకు పుస్తకం మీద ఇంకోలా ఉంటుంది. ఒకదాంట్లో గిరిజన, ఇంకోదాంట్లో ఆదివాసీ, ఒకచోట దీర్ఘం ఉంటుంది, ఒకచోట ఉండదు. ముందు ఆ పేర్లు సరిచేయించాలి. అది కంప్యూటర్ పని కాదు, ఆఫీసుల చుట్టూ తిరిగే పని. టెక్నాలజీ సాయంలో సగం ఇలాగే ఉంటుంది, చెప్పులు అరిగే పని.

ఉచితం అన్న ప్రతిదీ తీసుకోకండి. ఒకసారి ఒక చోటు నుంచి మనకు 12 పాత కంప్యూటర్లు దానంగా వచ్చాయి. పూలదండలు వేసి ఫొటోలు దిగాం. తొమ్మిది పని చేయలేదు. మూడింటికి మన గూడెం కరెంటు చాలలేదు. ఇప్పుడు ఆ డబ్బాలు స్టోర్‌రూమ్‌లో బియ్యం బస్తాల కింద ఎత్తుపీటల్లా ఉన్నాయి. ఎలుకలు రాకుండా బాగానే ఉపయోగపడుతున్నాయి. దానం తీసుకునే ముందు పని చేస్తుందా, ఎవరు బాగు చేస్తారు, చెడిపోతే ఎక్కడ పారేయాలి అని అడగడం మర్యాద తక్కువ కాదు.

అక్షరాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మన మీద నేరుగా పడేది. పాత సంచికలు కొన్ని పేజ్‌మేకర్‌లో, అప్పటి తెలుగు ఫాంట్లతో చేశారు. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరం మీద తెలుగు బొమ్మ అతికించి ఉంటుంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి, వెతికితే ఒక్క మాట దొరకదు. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి అక్షరానికి ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక సొంత నంబర్ ఉంటుంది. ఇవాళ మీరు ఫోన్‌లో టైపు చేసే తెలుగు అదే. మన జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన పాత రాతప్రతుల లిపి ఉంది చూడండి, గుంజాల గోండి లిపి, దానికి కూడా 2018 జూన్‌లో యూనికోడ్ 11.0 కూర్పులో చోటు దొరికింది. అంతకు ముందు ఏడాది 2017లో, మధ్యప్రదేశ్ వైపు వాడే మాసారాం గోండి లిపికి దొరికింది. ఒక గూడెంలో కొందరు ముసలివాళ్లకు మాత్రమే చదవడం వచ్చిన లిపి ఇవాళ ఏ దేశంలో ఏ కంప్యూటర్‌లోనైనా నిలబడగలదు. దాని వెనక ప్రొఫెసర్లు, లిపి నిపుణులు, ఫాంట్లు గీసినవాళ్లు ఉన్నారు, ఆ రాతప్రతులను ఇళ్లలో దాచి ఉంచిన మన పెద్దలూ ఉన్నారు. చోటు దొరికింది కాబట్టి ఇక మన పని, అందులో రాయడం. మీలో ఎంతమంది ఫోన్‌లో ఆ ఫాంట్ ఉంది? చేతులెత్తండి. నలుగురు. సరే, నలుగురు ఉన్నారు.

పాత సంచికలను యూనికోడ్‌లోకి మార్చే పని మొదలుపెట్టాం. మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి, కానీ ఒత్తులు, మన ఇంటిపేర్లు, గోండి మాటలు తప్పు పోతాయి. మనిషి కూర్చొని దిద్దాలి. గోండి తెలిసిన మనిషే దిద్దాలి. హైదరాబాద్ కంపెనీకి ఇస్తే మడావి కాస్తా మాధవి అయి వస్తుంది.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. ఫోన్ చేతిలో ఉంది కదా అని అన్నీ తీయకండి. పెర్సాపేన్ పూజలో అన్నీ అందరికీ చూపేవి కావు. ఏది తీయవచ్చో, ఏది తీసినా సంఘం దగ్గరే ఉండాలో, ఏది అసలు తీయకూడదో ఆ వంశం పెద్దల్ని, కటోడా గారిని అడగండి. అడిగి, వాళ్లు చెప్పింది ఫైలు పక్కన రాసి పెట్టండి. లేకపోతే ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే పిల్లవాడికి ఏం తెలుస్తుంది, యూట్యూబ్‌లో పెట్టేస్తాడు.

పిల్లల ఫొటోలు అయితే ఇంకా జాగ్రత్త. మా హాస్టల్‌కు బహుమతులు పంచడానికి వచ్చిన ఒకరు, నోట్‌బుక్కు తీసుకుంటున్న ఒక అమ్మాయి ఫొటో పేరుతో, ఊరుతో, తండ్రి లేడన్న మాటతో సహా నెట్‌లో పెట్టారు. రెండు వారాల్లో ఎవరెవరో ఫోన్లు. ఆ పిల్ల మూడు రోజులు బడికి వెళ్లలేదు. మేము ఫోన్ చేసి, వెళ్లి కూర్చొని, తీయించాం. కానీ అప్పటికి ఎంతమంది దాచుకున్నారో ఎవరికి తెలుసు? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. చట్టం సంగతి పక్కన పెట్టండి. ఆ పిల్ల ఇవాళ మన సభలో ఉంది, మూడో వరసో నాలుగో వరసో చెప్పం. తను ఒప్పుకుంటేనే ఈ మాట ఇక్కడ చెప్పాం.

ఫీజు సాయం తీసుకునే పిల్లల జాబితా ఉంటుంది, కులం సర్టిఫికెట్లు, బ్యాంకు ఖాతాలు, ఆధార్ నకళ్లు. అవన్నీ ఇప్పటి వరకు సంఘం వాట్సాప్ గ్రూపులోనే పంపుకుంటున్నారు. 256 మంది ఉన్న గ్రూపులో. దయచేసి ఆపండి. ఈ రోజే ఆపండి.

ఇక సాయం చేసేవాళ్లు ఎలా ఉండాలన్నది. మీరు వెళ్లినప్పుడు పెద్దవాళ్లు సిగ్గుపడతారు. ఫోన్ ఇచ్చి "నువ్వే చేసెయ్ బిడ్డా" అంటారు. చేసేస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది, మళ్లీ వారానికి పిలుస్తారు. ఓపిక పట్టి వాళ్ల చేతే మూడుసార్లు చేయించండి. నవ్వకండి. మీరు ఎల్‌కేజీలో పలక పట్టుకున్నప్పుడు మీ వేలు పట్టుకొని దిద్దించిన వాళ్లే వీళ్లు. వచ్చిన రోజు గొప్పగా చేసి, రెండో నెల కనపడకుండా పోయే సాయం కంటే తక్కువ చేసి మళ్లీ వచ్చే సాయం మేలు. మానేయాల్సి వస్తే మానేయండి, ఎవరూ ఏమీ అనరు. ఉద్యోగాలు వస్తాయి, పెళ్లిళ్లు అవుతాయి. రిజిస్టర్‌లో రాసి, ఇంకొకరి ఎదుట తాళాలు లెక్కపెట్టి, సంతకం పెట్టి వెళ్లండి.

ఆ రిజిస్టర్ తెచ్చాం. ఇదిగో, మా హాస్టల్ స్టాక్ రిజిస్టర్ లాంటిదే, అట్ట కూడా అదే. మొదటి పేజీలో సంఘం సిమ్, మెయిల్, డ్రైవ్, యూట్యూబ్, డిస్కులు రెండు, షీట్ ఒకటి, ఎవరి దగ్గర ఏముందో రాసి ఉంది. రెండో పేజీలో పాటల జాబితా. ఇప్పుడు బతికి ఉన్న ఇద్దరు ప్రధాన్ పెద్దలు, ఒక తోటి పెద్దాయన పాడినవి 9 గంటలు అయ్యాయి, మూడు ప్రతులు ఉన్నాయి, పోయిన నెలే తెరిచి విన్నాం. మూడో పెద్దాయనకు ఆరోగ్యం బాగాలేదు. ఆయన పాట ఇంకా చాలా మిగిలి ఉంది. పంట పనులు అయిపోయాయి, ఇప్పుడు రాత్రిళ్లు కూర్చోగలరు.

వచ్చే ఆదివారం ఆయన గూడేనికి వెళ్లాలి. ఇద్దరు కావాలి, గోండి బాగా వచ్చినవాళ్లు, చలికి తట్టుకునేవాళ్లు. రిజిస్టర్ వెనక బల్ల మీద పెడుతున్నాం, పెన్ను దారంతో కట్టి ఉంది. టీ తాగి వెళ్లేటప్పుడు పేరు రాసి, పక్కన ఫోన్ నంబర్ రాయండి, వాడుతున్న నంబర్ రాయండి.

రాం రాం.